వంకాయ రంగు ట్రిగ్గరు

మింగళ తౌంగ్‌న్యున్ అనే పేటలో ఇనుప సామానుకు నల్లపూత వేసే చిన్న కొట్టు. భార్య తలుపు దగ్గరగా వేసి వచ్చి, భర్త పక్కన కూర్చుంది.

"ఆ ఆఫీసరు పిస్తోలు ముక్కలేనా ఇయ్యి? గొట్టం నల్లగుంది. ట్రిగ్గరు వంకాయ రంగులోకొచ్చిందేటి మావా?"

"అదే తెలీక సత్తన్నాను. రెండూ ఒకే తొట్లో ముంచాను."

"మల్లీ ముంచకపోయావా?"

"ముంచాను. ఇంకా ఎర్రబడింది."

"ఆయనకేటని సెప్తావు? కోపమొస్తే కొట్టు మూయించేస్తాడు."

"నువ్వు బజారుకెళ్లినప్పుడు వచ్చి సూసెల్లాడు."

"ఏటన్నాడు?"

"ఈ రంగే బాగుంది, గొట్టానికీ ఇదే వెయ్యమన్నాడు."

"హమ్మయ్య. మరి వేసీవచ్చు కదా, అలా కూకున్నావేటి?"

"ఎలాగ వెయ్యనే? ఇదెలాగొచ్చిందో నాకు తెలిస్తే కదా."