రంగం మూట

చీపురుపల్లి టూరింగ్ టాకీసులో ఇంటర్వెల్ ఇచ్చారు. ఆడవాళ్ల వైపు నుంచి పరుగున వచ్చిన పెళ్లాన్ని చూసి, మగవాళ్ల వైపు కూర్చున్న అతను గబుక్కున లేచాడు.

"అమ్మ మళ్లీ గోల సేసిందేటి?"

"లేదు మావా. మనం బర్మాలో రంగం ఒదిలి ఓడెక్కిన కాడ్నించీ అత్త తన మూట ఇప్పలేదు గదా, ఈ సినిమా బొమ్మలో ఆ తల్లీ అలాగే మూట ఇప్పకుండా తిరుగుతాది."

"సూసినాను. ఆవిడికి దెయ్యం పట్టిందని అందరూ అన్నారు, డాకటరు మనసుకి జబ్బన్నాడు."

"ఆవిడ మూటట్టుకుని నిలబడి ఏడస్తంటే, అత్త తన మూట ఇప్పేసింది మావా!"

"మనల్ని ముట్టుకోనియ్యని మూటే?"

"అదే. అందులో దుప్పటి తీసి ఇసకలో పరిసింది. తెరకేసి సూసి, 'ఎంతసేపు నిలబడతావమ్మా, కూకో. ఊరొచ్చేసింది' అంది."

అతను ఆడవాళ్ల వైపు అడుగేశాడు.

"ఆ దుప్పటి మీద నాకూ సోటుంటాదేటి?"