తప్పుల పేజీ

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరంలో ఒక ప్రైవేటు కాలేజీ. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు కంప్యూటర్ల గదిలో ముగ్గురు: వెబ్‌సైటు ప్రమాణాల కమిటీ అధ్యక్షురాలు మేడమ్ ఫెలిసిదాద్, లెక్కల మాస్టారు సార్ అనిసేతో, వెబ్‌సైటు చూసుకునే కూయా తోతోయ్, అంటే తోతోయ్ అన్న.

"…అందుకే అంటున్నాను సార్ అనిసేతో, ఇందులో నా స్వార్థం ఏమీ లేదు. పద్నాలుగు మీటింగులు పెట్టుకుని రాసుకున్న ప్రమాణాలు. అందరికీ ఒకటే."

"ఒప్పుకుంటాను మేడమ్."

"ఒప్పుకుంటే సంతకం పెట్టండి. ఇదిగో, ఇక్కడ. ‘పేజీ యజమాని’ అన్న చోట."

"యజమాని నేను కాదు మేడమ్ ఫెలిసిదాద్. నా భార్య."

"తెలుసు సార్. కానీ ఆవిడ… ఆవిడ పెట్టలేరు కదా."

"పెట్టలేదు."

"అదే వచ్చింది చిక్కు. పేజీ తీసేయాలంటే యజమాని సంతకం ఉండాలని పన్నెండో ప్రమాణం. రాసేటప్పుడు, ఎవరైనా చనిపోతే ఏమిటన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు."

"తట్టింది మేడమ్. ఆ రోజు నేనే అన్నాను. సరిగ్గా అప్పుడే బిబింగ్కా రొట్టెల పళ్ళెం వచ్చింది. వేడివేడిగా ఉందని అందరూ అటు లేచారు."

"తోతోయ్, నువ్వు కమిటీలో సభ్యుడివి కాదు."

"కాదు మేడమ్. ప్రొజెక్టరు తీగ ఊడిపోకుండా పట్టుకుని నిలబడ్డవాణ్ణి."

"సరే, సరే. లాయరుగారిని అడిగాను సార్. దగ్గరి బంధువు పెట్టినా చెల్లుతుందిట. ఒక్క సంతకం. సోమవారం పొద్దున తనిఖీ వాళ్ళు మనీలా నుంచి దిగుతున్నారు. వాళ్ళు ముందు చూసేది వెబ్‌సైటు. రెండొందల పద్దెనిమిది పేజీలు దారికొచ్చాయి. ఒక్కటి రాలేదు."

"తప్పుల పేజీ."

"ఆ పేరే చూడండి! తప్పుల పేజీ! ఏ కాలేజీ అయినా తన తప్పులు తనే అచ్చేసుకుంటుందా? తొమ్మిదో ప్రమాణం చదవనా? ‘పేజీలలో విజయములు మాత్రమే ఉండవలెను.’"

"అవి కాలేజీ తప్పులు కావు మేడమ్. రసాయనశాస్త్రం ల్యాబులో పిల్లలు ఏటేటా చేసేవి. ఏ తప్పు చేస్తారు, ఎందుకు చేస్తారు, ఎలా మానుకోవచ్చు. మా లిగాయా రాసి పెట్టింది. ఎవరి పేర్లూ లేవు."

"‘ఆమ్లంలోకి నీళ్ళు పోశాను. చిమ్మి పైకప్పుకి తగిలింది.’ ఇది విజయమా సార్?"

"ఆ మచ్చ ఇంకా పైకప్పు మీద ఉంది మేడమ్. దాని కింద కూర్చున్న పిల్లలెవరూ మళ్ళీ ఆ తప్పు చేయలేదు."

"‘రంగు ఎప్పుడు మారిందో చూడలేదు. పక్కవాడి పుస్తకంలోంచి అంకె ఎక్కించాను. వాడు నా పుస్తకంలోంచి ఎక్కించాడని తర్వాత తెలిసింది.’ ఏమిటండీ ఇది!"

"అది బాగుంటుంది మేడమ్. ఆ తప్పు మన కమిటీలో కూడా—"

"తోతోయ్!"

"ఏమీ లేదు మేడమ్."

"పోనీ అది వదిలేద్దాం. మొదటి ప్రమాణం ఏమిటి? ప్రతి పేజీ పైన ప్రెసిడెంటుగారి ఫొటో. పేజీలో నాలుగో వంతు."

"మూడో వంతు మేడమ్. పదకొండో మీటింగులో పెంచారు."

"సరే తోతోయ్, మూడో వంతు. ఈ పేజీలో ఆయన ఎక్కడ సార్? గోరంత కూడా లేరు!"

"పాఠానికి ఆయన అవసరం రాలేదేమో మేడమ్."

"సార్ చెప్పేది నిజమే మేడమ్. ఫోనులో తెరిస్తే అద్దమంతా ఆయనే. అసలు సంగతి కావాలంటే గడ్డం దాటి కిందికి జరపాలి. క్యాంటీన్ పేజీ కూడా అంతే. ఇవాళ కూరేమిటో చూద్దామని తెరుస్తారా, ఆయన నవ్వుతూ ఉంటారు."

"నీ అభిప్రాయం ఎవరడిగారు? ఆ, అన్నట్టు మర్చిపోతాను సార్, మీ సొంత పేజీ ఫొటో కూడా మళ్ళీ తీయించాలి. చొక్కా మీద ఆ నల్ల పిన్ను పడింది. కాలేజీ చిహ్నం తప్ప వేరే అలంకారం ఉండకూడదు."

"అలంకారం."

"ప్రమాణంలో మాట అది. నా మాట కాదు."

"అది సంతాపపు పిన్ను. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు మేడమ్. అక్టోబరు తొమ్మిదికి అవుతుంది. అప్పటిదాకా పిన్ను తీయను. ఫొటోని మెడ దగ్గర కత్తిరించండి."

"మెడ దగ్గర కత్తిరిస్తే కొలత తగ్గుతుంది కదా…"

"ఏం పరవాలేదు మేడమ్, ఆ మిగిలిన చోటు ప్రెసిడెంటుగారికి ఇచ్చేద్దాం."

"తోతోయ్, బయటికి వెళ్ళి నిలబడతావా?"

"తీసేయాల్సింది నేనే కదా మేడమ్. బయటినుంచి తీయలేను."

"వినండి సార్. ఇంకోటి. పేజీ అంటూ ఉంటే దానికొక ఉద్యోగి సంఖ్య ఉండాలి. ఆవిడది రద్దయింది. కాంట్రాక్టు పోయిన అక్టోబరు పదిహేనుతో ముగిసింది."

"ఆమె తొమ్మిదిన పోయింది."

"అంటే మధ్యలో ఆరు రోజులు…"

"ఆ ఆరు రోజులకీ గైర్హాజరు నోటీసు వచ్చింది మేడమ్. ఇంట్లో లామాయ్ జాగరణ నడుస్తోంది. నిద్ర రాకుండా శవపేటిక పక్కన వచ్చినవాళ్ళు పేకాడుతున్నారు. వాళ్ళ మధ్య కూర్చుని చదివాను. ‘మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.’"

"అయ్యో, అది మనుషులు పంపింది కాదు సార్! కంప్యూటరు దానంతటదే పంపుతుంది!"

"నేను కాదు మేడమ్, నా వైపు చూడకండి. అది సిబ్బంది విభాగం వాళ్ళ కంప్యూటరు."

"సంజాయిషీ ఇచ్చాను మేడమ్. మరణ ధ్రువపత్రం జతచేసి. ‘అందినది, పరిశీలనలో ఉన్నది’ అని ముద్ర వేసి పంపారు."

"…జరిగినదానికి ఏం చేస్తాం సార్. కానీ ఎందుకింత పట్టుదల? పాఠాలు పోతాయనా? కాపీ తీసుకోండి. తోతోయ్ తీసిస్తాడు."

"పాఠాలు పోవు మేడమ్. గేటెదురుగా జెరాక్సు కొట్టులో కట్టలు కట్టి పెట్టారు. అవి కాదు."

"మరి ఏమిటి?"

"ఆ పేజీ కింద పిల్లలు రాస్తారు."

"ఏం రాస్తారు?"

"‘మేడమ్ లిగాయా, ఇవాళ నేనూ నలభై మూడో తప్పు చేశాను’ అని. మన పిల్లలే కాదు. అంతికే నుంచి, గిమరాస్ నుంచి, ఎక్కడెక్కడి బడుల నుంచో. చాలామందికి ఆమె లేదని తెలియదు. సందేహాలు అడుగుతారు. మొదటి పీరియడుకి ముందు ఇక్కడికొచ్చి జవాబులు రాస్తాను."

"మీరా? మీరు లెక్కలు కదా?"

"లెక్కలే. రసాయనం సగమే తెలుసు. ఆమె పుస్తకాలు దగ్గర పెట్టుకుని, తెలిసినంత రాస్తాను."

"ఆవిడ పేరుతోనా? అది కూడా ప్రమాణానికి విరుద్ధం—"

"నా పేరుతో. ‘మేడమ్ లిగాయా ఇప్పుడు రాయలేరు’ అని మొదలుపెడతాను."

"నేను చూస్తూ ఉంటాను మేడమ్. ఒక్కో రోజు ఏడింటికి తాళం తీసేసరికి సార్ గుమ్మంలో ఉంటారు."

"ఇంట్లో ఆమెను పిలిచేవాళ్ళు లేరు మేడమ్. నేను పిలిచేవాణ్ణి, ఇప్పుడు పిలవను. ఈ పేజీలో ఇంకా పిలుస్తున్నారు. అందుకని ఉండనివ్వమంటున్నాను."

"నాకు మాత్రం మనసు లేదా సార్? పోయిన వారమే అత్తగారి పేరున చర్చిలో పూజ చెప్పించాను. కానీ అట్టడుగున ఆవిడ రాసింది చూశారా? నూట ఎనభై ఏడో తప్పు. అది మాత్రం… అది తనిఖీ వాళ్ళ కంట పడిందంటే!"

"చదవండి మేడమ్."

"నేను చదవను."

"‘నాలుగు నెలలు కడుపునొప్పిని ఆమ్లం అనుకున్నాను. పరీక్షించకుండానే పేరు పెట్టాను.’ అంతే ఉంది. ఆసుపత్రి మంచం మీంచి పంపింది, కూయా ఎక్కించారు."

"వాళ్ళు ఏమనుకుంటారు? ఈ కాలేజీలో పనిచేసేవాళ్ళకి వైద్యం లేదా అనుకోరూ?"

"ఆమె కాలేజీని ఒక్క మాట అనలేదు మేడమ్."

"అదే, అనకపోతేనే ఎక్కువ అనుకుంటారు!"

"మేడమ్, ఒక్కటి అడుగుతాను. అక్టోబరు తొమ్మిది దాకా ఆగండి. మూడు నెలలు. ఆ రోజు ఏడాది పూజ అయ్యాక పిన్ను తీసేస్తాను. మీరు పేజీ తీసేయండి. నేనే వచ్చి సంతకం పెడతాను."

"సోమవారం సార్! సోమవారం! నేను ఏ నెల గురించి మాట్లాడుతున్నాను, మీరు ఏ నెల గురించి మాట్లాడుతున్నారు? ఇదిగో కలం."

"మేడమ్."

"ఏమిటి తోతోయ్ మళ్ళీ?"

"తనిఖీ పత్రంలో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. ‘గత నెలలో వెబ్‌సైటు చూసినవారు’ అని."

"రాసెయ్. ఎంతొచ్చింది?"

"నలభై ఒక్క వేలు."

"నలభై ఒక్క వేలా! విన్నారా సార్? ప్రమాణాలంటే ఇదీ! పద్నాలుగు మీటింగులు ఊరికే పోలేదు. ప్రెసిడెంటుగారి సందేశం పేజీకే ఎన్ని ఉంటాయో!"

"రెండొందల పన్నెండు."

"వేలా?"

"మనుషులు మేడమ్. అందులో నూట తొంభై ఆయన ఆఫీసు నుంచే."

"మిగతా ఇరవై రెండు?"

"మీరు మేడమ్."

"…మరి నలభై ఒక్క వేలు ఎక్కడ పడ్డాయి?"

"ముప్ఫై తొమ్మిది వేలు తప్పుల పేజీవి. పరీక్షల నెల కదా."

"సరిగ్గా చూశావా?"

"మూడుసార్లు చూశాను. సార్ సంతకం పెట్టగానే నేను తీసేస్తాను. అప్పుడు గడిలో రెండు వేలు రాయాలి. క్యాంటీన్‌తో కలిపి."

"తక్కువలో తక్కువ ఎంత ఉండాలన్నారు వాళ్ళు?"

"పది వేలు."

"…సార్ అనిసేతో, ఆ కలం ఇలా ఇవ్వండి. ఇవ్వండి సార్, పరవాలేదు. నిలబడే ఉన్నారేమిటి, కూర్చోండి. కాఫీ తాగుతారా?"

"వద్దు మేడమ్."

"నేను ఎప్పుడూ అంటూనే ఉంటాను, మేడమ్ లిగాయా లాంటి మనిషి ఈ కాలేజీకి మళ్ళీ దొరకదు అని."

"ఎప్పుడన్నారు మేడమ్?"

"మనసులో అనుకుంటాను తోతోయ్! అన్నీ నీ ముందే అనాలా? సార్, పేజీ ఉంటుంది. మూడు నెలలేమిటి, ఎప్పటికీ ఉంటుంది."

"నిజంగానా మేడమ్?"

"నిజంగా. నా మాట."

"చాలా… కృతజ్ఞుణ్ణి మేడమ్."

"అయ్యో, అందులో ఏముంది. చిన్న చిన్న సవరణలు, అంతే. పైన ప్రెసిడెంటుగారు వస్తారు. పేరు ‘మన విజయాల పేజీ’ అవుతుంది. ఆ నూట ఎనభై ఏడో తప్పు తీసేస్తాం. ఆ కింద పిల్లలు రాసే చోటు మూసేస్తాం."

"అది ఎందుకు మేడమ్?"

"అక్కడ మీరు ఆవిడ లేరని రాస్తున్నారు కదా సార్. తనిఖీ వాళ్ళు ఇప్పుడు పనిచేస్తున్న అధ్యాపకుల పేజీలే లెక్కలోకి తీసుకుంటారు."

"బతికి ఉందని రాస్తారా?"

"ఛ ఛ, అబద్ధం ఎందుకు రాస్తాం! పోయారని రాయం, అంతే. ఇక మీకు అసలు శుభవార్త. ఆవిడ హోదా ఉంది చూడండి, కాంట్రాక్టు అంటే ఆ పేజీ లెక్కకి రాదు. అందుకని ‘పర్మనెంటు అధ్యాపకురాలు’ అని వేయిస్తాను. ఉత్త పేజీ మీదే కాదు, కొత్త ఉద్యోగి సంఖ్యతో సహా. ప్రెసిడెంటుగారికి ఇప్పుడే ఫోను చేస్తాను, సాయంత్రానికి ఆర్డరు చేతికొస్తుంది."

"పర్మనెంటు."

"పర్మనెంటు!"

"పదకొండేళ్ళు అడిగింది మేడమ్ ఆ మాట. ఆరు నెలలకొక దరఖాస్తు. ఇరవై రెండూ నేనే టైపు చేశాను. ప్రతిసారీ ఖాళీలు లేవన్నారు."

"చూశారా మరి! ఇప్పుడు దరఖాస్తు కూడా లేకుండా వచ్చేస్తోంది. సంతోషించాల్సిన రోజు సార్ ఇది. తోతోయ్, ఎక్కించడం మొదలుపెట్టు."

"సార్ ఇంకా ఏమీ అనలేదు మేడమ్."

"ఏమంటారేం? భార్యకి పర్మనెంటు వస్తే వద్దనే మొగుడు ఎక్కడైనా ఉంటాడా? సార్? ఆ కాగితంతో ఇక పనిలేదు, చింపేయండి. సార్, కలం మళ్ళీ తీసుకున్నారేమిటి?"

"దగ్గరి బంధువు సంతకం ఎక్కడ పెట్టాలన్నారు మేడమ్? ఈ గీత మీదేనా?"

"అది తొలగింపు పత్రం సార్!"

"సార్, ఒక్క మాట. అది తీసేస్తే పిల్లలు రాసినవన్నీ కూడా పోతాయి. మళ్ళీ తేలేను."

"తెలుసు కూయా. ఇవాళ పొద్దున వచ్చినవాటికి జవాబులు రాసేశాను."

"ఆగండి సార్, ఆగండి! ప్రెసిడెంటుగారికి నేనేం చెప్పను? ముప్ఫై తొమ్మిది వేలు! పర్మనెంటు ఇస్తామంటే వద్దన్నారని చెప్పనా?"

"చెప్పండి మేడమ్. ఆ ఉద్యోగం ఆమెకిప్పుడు అక్కర్లేదు."