సగం గోలీ

అది ఎనభై మూడో సంవత్సరం, ఎండాకాలం. జహీరాబాద్‌లో ఒక డాక్టరు గది బయటి వరండా. బాలమణి ఒళ్లో ఆరేళ్ల కూతురు శివలీల సూదిమందు మత్తులో నిద్రపోతోంది. పక్కనే బల్ల మీద ఆమె అత్త శరణమ్మ.

"మళ్ల అడుగుతున్న అత్తా. పొద్దుగాల గోలీ ఇచ్చినవా, ఇయ్యలేదా?"

"ఇచ్చిన అంటి గద."

"నీళ్లతోటా, పాలతోటా?"

"నీళ్లతోటి... పాలతోటి. యాదికి లేదు."

"పొద్దుగాలది సుత యాదికి లేదా?"

"పోలీసోళ్ల లెక్క అడగకు. పిల్ల తలకాయ జర మీదికి పెట్టు, మెడ వంకర పోయింది."

"మెడ కాదు, నా బతుకే వంకర పోయింది. న్యాల్‌కల్ల బస్సెక్కంగనే పిల్లకు మూర్ఛ మొదలైంది, ఈడ దిగేదాక కొట్టుకుంటనే ఉన్నది. కండక్టర్ తాళంచెవులు చేతిల పెట్టిండు. ఎవరో తల్లి ఉల్లిగడ్డ చితగ్గొట్టి ముక్కుకాడ పెట్టింది. నువ్వేమో కిటికీల నుంచి బయటికి చూసుకుంట కూసున్నవ్."

"చూడలేకపోయిన."

"మనుమరాలిని చూడలేకపోతివి. ఎల్లమ్మ పూని సిగమొచ్చినప్పుడు ఊరంతా కనవడ్తది గద నీకు. ఎవరికి కొడుకు పుడతడు, ఎవరి బర్రె యాడికి పోయింది, అన్నీ చెప్తవ్."

"నడుమ ఎల్లమ్మను తేకు."

"తెచ్చింది నువ్వే. గోలీలు తెచ్చిన దినమే అంటివి. ఇది అమ్మవారి బిడ్డ, నాకొచ్చినట్టే దీనికీ వస్తున్నది, దవా పెడితే అమ్మ అలుగుతది అంటివి."

"అన్న. అన్ననే. తర్వాత ఒప్పుకుంటి గద. నేనే ఇస్త అంటి గద."

"గదే నాకు సమజ్ అయితలేదు. నాల్గు దినాల్ల గోలీల మీద గంత ప్రేమ ఎట్లొచ్చె? నేను అల్లం చేన్లకు పోకముందే డబ్బా నీ కొంగుల ముడేసుకుంటవ్."

"పిల్లలు ముట్టుకుంటరని."

"ఇంట్ల ఇంకో పిల్ల ఏడున్నది అత్తా?"

"నీళ్లు తాగుతవా? చెంబుల ఉన్నయ్."

"వద్దు. డాక్టర్ ఏమన్నడో ఇన్నవా?"

"నాకేం సమజ్ కాలే."

"నేను చెప్త. రెండు తీర్ల గోలీలు తిన్నంక గూడ ఆగుతలేదంటే రోగం మొండిదట. ఇంకో మందు కలుపుతడట. పెద్దోళ్లు తట్టుకుంటరట గాని, గీ వయసోళ్లకు కార్జం చెడగొట్టే భయం ఉన్నదట. జర బయట కూసోని ఆలోచించుకోమన్నడు. నేనేం ఆలోచించాలె? పెడితే కార్జం, పెట్టకపోతే పానం."

"దేవుడున్నడు."

"దేవుడు తర్వాత. ముందు నువ్వున్నవ్. పిల్ల గోలీలు సక్కగ తిననే లేదనుకో, గప్పుడు ఆ కొత్త మందు ఎందుకు? ఉన్నయే సక్కగ పెడితే సాలునేమో. గది ఒక్కటి చెప్పు అత్తా. నిన్ను తిట్ట. నీ కొడుక్కు చెప్ప. ఇది పోతే నేను గూడ పోత, ఇంకేం లేదు."

"బస్వరాజ్‌కు చెప్పవు గద?"

"అంటే ఇయ్యలే."

"ఇచ్చిన... సగం."

"సగమా?"

"గోరుతోటి ఇరిచి సగం ఇచ్చిన."

"మిగిలింది? పెంటల పారేసినవా? ఎల్లమ్మ గద్దెకాడ పాతిపెట్టినవా?"

"పారెయ్యలే."

"మరి ఏం చేసినవ్?"

"ఊకో. కంపౌండర్ నాగప్ప వస్తుండు. మన ఊరోడే."

"శరణమ్మవ్వా, నువ్వా? కాళ్లు మొక్కుత. నీ నోటి మాటతోనే మా ఇంట్ల పోరడు పుట్టిండు, యాదికున్నదా? బడికి పోతుండు ఇప్పుడు."

"సల్లగుండు నాగప్పా."

"గాని అవ్వా, మొన్న జాతర్ల సిగం రాలేదటనే. మా ఆమె బోనమెత్తుకొని పొద్దుందాక నిలవడ్డదట. డప్పులోళ్ల చేతులు వాసినయ్ గాని నీ ఒళ్లు కదలలేదట. అమ్మకు కోపమొచ్చిందా?"

"అమ్మకేం కోపం లేదు."

"మరెట్ల? ఈయేడు వానలు పడయ్ అంటున్నరు ఊర్ల."

"లోపల నిన్ను పిలుస్తున్నట్టున్నరు నాయినా."

"పోత, పోత. ముందున్నోళ్లు బయటికి రాంగనే మిమ్ముల పిలుస్త. ఫికర్ చెయ్యకు, నీ మనుమరాలికి ఏం కాదు. నువ్వున్నంక ఏమైతది?"

"ఇన్నవా అత్తా? నువ్వున్నంక ఏమైతదట."

"ఇన్న."

"సిగం ఎందుకు రాలే? ఎన్నడన్న జాతర తప్పిందా నీకు? నడిచేటప్పుడు గోడ పట్టుకుంటున్నవ్, పొద్దంత కునుకుతున్నవ్. ముసలితనమనుకున్న. నా దిక్కు చూడు."

"నువ్వు నా చెయ్యి చూడు."

"ఏ చెయ్యి?"

"గీ కాలిన చెయ్యి. అమ్మ నిప్పుల్ల చెయ్యి పెట్టిచ్చింది, ఎంత మహిమ అని ఊరంత మొక్కుతరు. నాకేం ఎరుక లేదు బాలమణీ. రొట్టె కాలుస్తున్న, గంతవరకే యాది. కండ్లు తెరిస్తె పొయ్యిల చెయ్యి. నోట్లె నెత్తురు. చీర తడిసిపోయింది. సుట్టూ జనం పసుపునీళ్లు పోస్తున్నరు, కాళ్లు మొక్కుతున్నరు. లెవ్వరాదు, చీర మార్చుకోరాదు. పెండ్లైన కొత్తల నుంచి గంతే. తడిసిన చీర మీదనే కూసోని దీవెనలిచ్చుడు."

"గదంతా ఇప్పుడెందుకు చెప్తున్నవ్?"

"గోలీలు తెచ్చిన్నాడు నాకు గుబులైంది. పసిదానికి ఏం విషం పెడుతున్నరో అని. కూరల ఉప్పు చూసినట్టు ముందుగాల నేనే ఒకటి మింగి చూసిన. పానం బాగనే ఉన్నది. మరునాడు ఇంకోటి చూసిన. ఆ పున్నానికి..."

"పున్నానికి?"

"అమాసకు సుత రాలే..."

"ఏమైంది అత్తా? సక్కగ చెప్పు."

"శివలీల! లోపలికి రాండ్రి. అవ్వా, నువ్వు ఈడనే నీడకు కూసో. పిల్లతోటి తల్లి పోతే సాలు."

"నేను గూడ పోవాలె నాగప్పా."

"నువ్వెందుకే? పేషెంట్ ఒక్కతే గద?"

"ఇంకో చిట్టి రాయి. శరణమ్మ అని రాయి. నాకొచ్చేది ఎల్లమ్మ కాదు బిడ్డా, దీనికొచ్చేదే. దీని గోలీల్ల సగం నేనే మింగుతున్న."