తలుపు దాకా వచ్చి సాగనంపే మనిషి

1991వ సంవత్సరం మార్చి నెల పదకొండవ తేదీన, సంవత్సరాంతపు పన్ను గడువులు తరుముకొస్తుండగా, పలకరించడానికి కూడా ఎవరికీ తీరిక లేని ఒక ఉదయాన, మేమంతా ‘అన్నట్టుగారు’ అని పిలుచుకునే మా సహోద్యోగి ఈ ఆడిటు కార్యాలయంలో సహాయకులుగా బాధ్యతలు స్వీకరించారు. బాధ్యతలు అని గౌరవార్థం రాస్తున్నాం గానీ, ఆ రోజు వారు నిజంగా స్వీకరించినవి ఒక కాలు పొట్టి కుర్చీ, ఒక అట్ట, దానికి క్లిప్పుతో బిగించిన ప్రశ్నల కాగితం. కుర్చీని కొన్నాళ్లకు మార్చారు. ప్రశ్నలు మాత్రం వారి చేతుల్లోనే పెరిగి పెద్దవై, చివరికి వారి చేతుల మీదుగానే కాగితం వదిలి ఆన్‌లైన్‌లోకి వెళ్లాయి. వారి పదవీ విరమణ సందర్భాన ఆ వైనం చెప్పుకోవడం సముచితమని భావిస్తున్నాం.

ఈ వీడ్కోలు సంచికను చదివే బంధుమిత్రుల సౌకర్యార్థం ఒక్క మాట. రిటర్ను తయారు చేసేముందు ప్రతి క్లయింటునూ కొన్ని ప్రశ్నలు అడగాలి. ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం కొన్నారు, ఏం అమ్మారు, ఏయే బ్యాంకుల్లో ఖాతాలున్నాయి, ఇలాంటివి. ఇవి అడిగేది మా ముందుగదిలో, బెంచీ మీద మరో అరడజను మంది చెవులు రిక్కించి కూర్చుని ఉండగా. పన్ను కట్టే మనిషి స్వభావతః సత్యవంతుడే గానీ, పక్కన బావమరిది కూర్చుని ఉంటే కాదు. బావమరిది వింటున్నంతసేపూ ఆదాయం పెరుగుతుంది. ఆయన సిగరెట్టుకు బయటికి వెళ్లగానే తగ్గుతుంది. ఒకే మనిషి ఒకే బెంచీ మీద కూర్చుని, కాఫీ చల్లారేలోగా సంపన్నుడూ నిరుపేదా అయిపోవడం మేం ఏటా కళ్లారా చూసిన దృశ్యం.

ఆ గది తలుపు గొళ్లెం మొదటినుంచీ మొండిది. కొంచెం పైకెత్తి, పక్కకు జరిపి, భుజంతో ఒక తోపు తోస్తే తప్ప తెరుచుకోదు. ఆ కిటుకు తెలియని క్లయింట్లు గదిలోనే చిక్కుకుపోతుంటే, అన్నట్టుగారు లేచి ప్రతి ఒక్కరినీ తలుపు దాకా సాగనంపడం మొదలుపెట్టారు. అక్కడ ఒక విశేషం జరిగేది. వారు అటు తిరిగి గొళ్లెంతో కుస్తీ పడుతుంటే, అప్పటిదాకా అన్నింటికీ "లేదండీ, లేదండీ" అన్న పెద్దమనిషి వెనకనుంచి గొంతు తగ్గించి, "అన్నట్టు సార్, మేడ మీద ఒక గది వేశాం, అది చెప్పాలా?" అనేవాడు. ఇంకొకావిడ, "అన్నట్టు అన్నయ్యగారూ, నా పేరున ఒక చిన్న ఖాతా ఉంది, మా ఆయనకు తెలీదు" అనేది. కుర్చీలో చెప్పనిది తలుపు దగ్గర చెప్పేవారు, ముఖానికి చెప్పనిది వీపుకు చెప్పేవారు. అన్నట్టుగారు గొళ్లెం మీదనుంచి చూపు తిప్పకుండా, "చెప్పాలమ్మా, ఫరవాలేదు, నేను రాసుకుంటాను" అనేవారు. ‘అన్నట్టుగారు’ అన్న బిరుదు వారికి అలా దక్కింది. ఒకసారి మేమందరం జాలిపడి వడ్రంగిని పిలిపిస్తే, అతను వచ్చి, చూసి, ఏమీ చేయకుండా వెళ్లిపోయాడు. ముట్టుకోవద్దని అన్నట్టుగారే పక్కకు తీసుకెళ్లి చెప్పారని మాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

ఇంతటి మనిషి ప్రశ్నలను ఆన్‌లైన్‌లో పెడదామని తామే ప్రతిపాదించడం మమ్మల్నందరినీ నివ్వెరపరిచింది. దానికి కారణం మా మెట్లు. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఒక ఏడాది, ఏనాటినుంచో మా క్లయింటు అయిన విశ్రాంత హెడ్మాస్టారు రెండో అంతస్తు మలుపులో చతికిలబడి, సంచీ ఒళ్లో పెట్టుకుని, "ఇక్కడే అడిగెయ్ బాబూ. జవాబులన్నీ నా దగ్గరే ఉన్నాయి, ఊపిరే లేదు" అన్నారు. అన్నట్టుగారు అట్ట పట్టుకుని ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుని, ఎక్కేవాళ్లకూ దిగేవాళ్లకూ దారి ఇస్తూ, ప్రశ్నలన్నీ అక్కడే పూర్తి చేశారు. పైకి వచ్చాక పెద్ద ఆడిటరుగారి గదిలోకి వెళ్లి, "నేను ప్రశ్నలు అడగడానికి ముసలివాళ్లు మూడంతస్తులు ఎక్కక్కర్లేదు సార్" అన్నారు.

"మెట్ల మీద జనం లేకపోతే ఎదురాఫీసు వాడు మనం మూసేశామనుకుంటాడయ్యా" అన్నారు ఆడిటరుగారు.

"అనుకోనివ్వండి సార్."

"సరే, నీ మాట మీద ఒక్క సీజన్ చూద్దాం. కానీ వివరాలు తక్కువ ఇచ్చారని పాతవాళ్లలో ఏ ఒక్కరికి నోటీసు వచ్చినా మళ్లీ కాగితాలే, మళ్లీ మెట్లే. ఆ హెడ్మాస్టారు గారిని నువ్వే ఎత్తుకుని తీసుకొద్దువుగాని."

కంప్యూటరు పని వారి మేనకోడలికి అప్పగించారు. బంధుప్రీతి అని కొందరు గొణిగారు గానీ, ఆమె పంపిన బిల్లు చూశాక ఆ అనుమానం తొలగిపోయింది. తొలి ప్రయోగం మా వదినగారి మీద, అంటే వారి శ్రీమతి మీద, వారింటి భోజనాల బల్ల దగ్గర జరిగింది. ఆ సంభాషణను ఆ మేనకోడలే మాకు అభినయించి చూపింది.

"ఏమండీ, వృత్తి అడుగుతోంది."

"గృహిణి అని నొక్కు."

"అది లేదు. ఉద్యోగి, వ్యాపారి, విశ్రాంత ఉద్యోగి, ఇతరములు. అంతే. ఇన్నేళ్లు కాపురం చేసి నేను ఇతరముల్లోకి వచ్చానా?"

మాట మార్చడానికి అన్నట్టుగారు తెరను కిందికి జరిపారు.

"పైగా కింద నన్ను ‘ఆధారపడినవారు’ అని రాశారు. రేప్పొద్దున కాఫీ ఎవరి మీద ఆధారపడి తాగుతారో నేనూ చూస్తాను."

మరునాడు అన్నట్టుగారు ఆఫీసుకు రాగానే వరసగా రెండు కాఫీలు తాగారు. అదే రోజు ‘గృహిణి’ ఆ వరసలో అన్నిటికన్నా పైకి చేరింది.

సీజను మొదలైంది. జవాబులు వరదలా వచ్చిపడ్డాయి. ముందుగదిలో బెంచీ బోసిపోయింది. ఆడిటరుగారు స్వయంగా అందరికీ టిఫిను తెప్పించారు. అన్నట్టుగారు మాత్రం ప్లేటు ముట్టుకోకుండా తెర వంక చూస్తూ కూర్చున్నారు.

"అన్నీ శుభ్రంగా ఉన్నాయి కదండీ, ఇంకేమిటి దిగులు?" అన్నాం.

"అదే దిగులు. అందరూ అన్నింటికీ లేదు, లేదు అని నొక్కుకుంటూ పోయారు. ఏ ఒక్కరూ తలుపు దగ్గర ఆగలేదు."

అంటూనే హెడ్మాస్టారుకు ఫోను కలిపారు. కుటుంబంలో మార్పేమైనా ఉందా అంటే లేదన్నారు. కొత్తగా ఎవరైనా వచ్చారా అంటే లేదన్నారు. అన్నట్టుగారు ఫోను పెట్టేయబోతున్నట్టు, "ఉంటాను మాస్టారూ" అన్నారు.

"మంచిది బాబూ. అన్నట్టు, పోయిన ఏడాది మా తమ్ముడు పోయాడు కదా, వాడి పిల్లలిద్దరూ మా దగ్గరే ఉంటున్నారు. ఫీజులూ అవీ నేనే చూసుకుంటున్నా. ఇవన్నీ మీకెందుకులే అని రాయలేదు."

"మార్పు ఉందా అని అడిగాం కదండీ."

"పిల్లలు రావడం మార్పేమిటి బాబూ? ఇంటికి వచ్చారు, అంతే."

అన్నట్టుగారు ఫోను పెట్టేసి కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. అది అంతకుముందే శుభ్రంగా ఉంది. పాత క్లయింట్లలో ఇలాంటివారు ఇంకెందరున్నారో, రేపు ఎవరింటికి నోటీసు వెళుతుందో ఎవరికి తెలుసు? ఆ మధ్యాహ్నమే మేనకోడలిని పిలిపించారు.

"అమ్మాయ్, చివర్లో జవాబులు అందాయి, ధన్యవాదాలు అని వస్తుంది కదా. దాని కింద ఒక ఖాళీ పెట్టె పెట్టు. పైన ‘అన్నట్టు...’ అని రాయి. ఇంకేం వద్దు."

"సబ్మిట్ నొక్కాక ఎవరుంటారు మామయ్యా? అందరూ వెళ్లిపోతారు."

"వెళ్లిపోయేవాళ్ల కోసమేనమ్మా."

ధన్యవాదాలు చెప్పాక ప్రశ్న వేయడం మర్యాద కాదని ఆడిటరుగారు అభ్యంతరం చెప్పారు. ఇదివరకే పంపినవారి చేత మళ్లీ చివరి పేజీ తెరిపిస్తే నవ్వుతారని మేమన్నాం. "నవ్వనివ్వండి" అని అన్నట్టుగారు అందరికీ ఆ పేజీ పంపారు. రెండు రోజులు ఏమీ రాలేదు. మూడో రోజునుంచి పెట్టె నిండటం మొదలైంది. "అన్నట్టు, ఇంకో బ్యాంకులో ఖాతా ఉంది, దయచేసి ఇంటికి ఫోన్ చేయకండి." "అన్నట్టు, ట్యూషన్లు చెప్తున్నాను, అది ఉద్యోగం కింద వస్తుందా?" "అన్నట్టు, మా బావమరిది కూడా మీ దగ్గరే రిటర్ను వేస్తాడు, వాడు చెప్పే ఆదాయం నమ్మకండి." ఇవి ఎవరెవరు రాశారో వృత్తి ధర్మం ప్రకారం చెప్పకూడదు. చదువుతుండగా ఎవరి చెవులు వేడెక్కితే అవి వారివని గ్రహించగలరు.

వారాల తరబడి అన్నట్టుగారు ఒక్కొక్కరికీ ఫోను చేసి, పెట్టెలో రాసిన ప్రతి మాటనూ రిటర్నులో దాని చోట కూర్చోబెట్టారు. ఆ ఏడాది గడిచింది, పన్నుశాఖవారి పరిశీలనలన్నీ ముగిశాయి. మా పాత క్లయింట్లలో ఏ ఒక్కరికీ నోటీసు రాలేదు. హెడ్మాస్టారు మాత్రం వచ్చారు. ప్రతి మలుపులోనూ ఆగుతూ, ఊపిరి పీల్చుకుంటూ, మూడంతస్తులూ ఎక్కి వచ్చి, ఇకమీదట ఈ మెట్లు ఎక్కే బాధ తప్పినందుకు ఎంత హాయిగా ఉందో స్వయంగా చెప్పి వెళ్లారు. అన్నట్టుగారు ఆయనను తలుపు దాకానే కాక, చెయ్యి పట్టుకుని వీధి దాకా సాగనంపారు.

తప్పు ఒప్పుకోవడం ఆడిటరుగారి అలవాట్లలో లేదు. అయితే తమ సొంత రిటర్ను ప్రశ్నలకు అంతవరకూ కాగితం మీదే జవాబులు రాసే ఆయన, మరుసటి ఏడాది ఆన్‌లైన్‌లో పూర్తి చేశారు. చివరి పెట్టెలో ఇలా ఉంది: "అన్నట్టు, నువ్వు చెప్పిందే నిజమయ్యా." అన్నట్టుగారు దానిని ముద్రించి చట్రం కట్టించుకోలేదు. కానీ ఆ రోజు టిఫిను మాత్రం రెండు ప్లేట్లు తిన్నారు. ఈనాడు మా కొత్త సిబ్బంది ప్రశ్నలు ఎన్ని మార్చినా, ఎన్ని తగ్గించినా, ఆ పెట్టెను కదిపే సాహసం ఎవరూ చేయరు. ఒక కార్యాలయంలో ఒక మనిషి తనకు మారుగా వదిలి వెళ్లగలిగినది అంతకు మించి ఏముంటుందని మేం సగర్వంగా అడుగుతున్నాం.

ఈ సాయంత్రం వారిని సాగనంపే వంతు మాది. గొళ్లెం ఇంకా అలాగే ఉంది. పైన రాసినదంతా కుర్చీలో కూర్చుని, నలుగురూ వింటుండగా, పద్ధతిగా చెప్పిన మాటలు. ఇప్పుడు మాలో ఒకరు అటు తిరిగి గొళ్లెం ఎత్తుతారు, అది తొందరగా రాదు, ఆలోగా మిగతావాళ్లం చెప్పేస్తాం.

అన్నట్టు అన్నయ్యగారూ, మోకాళ్లు జాగ్రత్త. వేళకు తినండి. వదినగారి కాఫీ మీద ఆధారపడి, ఏ లోటూ లేకుండా, నిండు ఆరోగ్యంతో నూరేళ్లూ ఉండండి. మీకు తోచనప్పుడు మెట్లెక్కి రండి, తొందరేం లేదు, మలుపు మలుపుకీ ఆగుతూ రండి. మేం ఏమీ అడగం.