బయటికి తెరిచే తలుపు

సగం లేచిన గోడల మధ్య, సిమెంటు బస్తాల మీద కోడలు గీసిన ఇంటి ప్లాను పరిచి ఉంది. మేస్త్రీ మాట చెవిన పడ్డప్పటి నుంచీ అత్తగారికి తల కొట్టేసినట్టుగా ఉంది.

"నువ్వు స్నానాలగది తలుపు తిరగేసి గీశావని మేస్త్రీ నవ్వుతున్నాడమ్మా. ఏదీ, ఎక్కడ?"

"ఇదిగోండి అత్తయ్యా. ఈ చిన్న గీత తలుపు రెక్క. దాని పక్కన పావు సున్నాలా ఉందే, అది రెక్క తిరిగే దారి."

"మిగతా తలుపులన్నీ గదుల్లోకే తిరిగాయి కదే. ఇదొక్కటీ బయటికెందుకు తిరిగింది?"

"పోయిన వానాకాలం మీరు లోపల జారిపడ్డారు కదా, సరిగ్గా తలుపుకి అడ్డంగా. తోస్తే మీకు తగులుతుంది, తోయకపోతే లోపలికి రాలేం. ఆ రోజు బయట నిలబడి నేను పడ్డ అవస్థ నాకే తెలుసు."

అత్తగారు ఆ పావు సున్నా మీద వేలు పెట్టి, మెల్లగా చివరిదాకా నడిపింది.

"అయితే ఇది నాకోసం గీసిందన్నమాట."

"మీకోసమే. మేస్త్రీకి నేను చెబుతాలెండి."

"నువ్వు గీశావు, చాలు. ఆ కాగితం ఇలా ఇవ్వు. మా కోడలి గీత ఎలా చదవాలో అతనికి నేను చెబుతాను."