ఉయ్యాలో ఉన్న కాడ హల్లెలూయ

"కాకా, క్రిస్మస్‌నాడు మన చర్చిల ఆడోళ్లు సుట్టు తిరుక్కుంట పాడుతరు గదా, వేరే చర్చిలల్ల గట్ల లేదేంది?" అంటవా? కూసో, చెప్త.

గది మా అవ్వ తెచ్చిన లొల్లి బిడ్డా. తొంభైల మొదట్ల అనుకుంట... కాదు కాదు, అంతకు ముందే, మా చిన్నమ్మను ధూళిమిట్టల ఇచ్చిన యేడు. సిద్దిపేటల మన చర్చికి కొత్త అయ్యగారు, గదే పాస్టరు, వచ్చిండు, కోస్తా దిక్కాయన. మంచోడే. గని పాటంటె చేతులు కట్టుకొని నిలవడాలె, హార్మోనియం ఎన్క మెల్లగ నడవాలె. చప్పట్లు కొడితె "ఇది ఆరాధనండీ, జాతర కాదు" అనేటోడు. ఆ పాటలకు మా తాతకు మంచి నిద్ర వట్టేది.

అవ్వకేమో గల్లీ దాటి ఇనవడే గొంతు. క్రిస్మస్ పాట ఆమెనే ఎత్తుకునేది: "గొల్లలొచ్చిన్రమ్మ ఉయ్యాలో, గొర్లనిడిసొచ్చిన్రు ఉయ్యాలో" అని. దసరకు ముందే, పాటలు నేర్సుకునేకాడ అది ఇని అయ్యగారు ఉలిక్కిపడ్డడు.

"ఉయ్యాలో అంటే బతుకమ్మ పాటమ్మా! తీసెయ్యండి."

"పుట్టిన పిలగాడు ఏడిస్తె ఊపరా అయ్యా?"

"ప్రభువును పశువుల తొట్టిలో పడుకోబెట్టారు."

"ఆ తొట్టినన్న ఊపిన్రా, లేదా?"

ఆయన బైబిలు తిప్పి తిప్పి చూసిండు, దొరకలే. దొరకకపొయ్యేసరికి కోపమొచ్చింది. ఉయ్యాలో ఉన్న కాడల్ల హల్లెలూయ వెట్టాలె, లేకుంటె పాట వేరేటోళ్లు ఎత్తుకుంటరన్నడు. అవ్వకు ఆ పాటంటె పానం. ఇగ బోళ్లు తోమినా హల్లెలూయ, బియ్యం చెరిగినా హల్లెలూయ!

గంతల బతుకమ్మ వచ్చె. కిరాణం సావుకారి భార్య "వదినె, నీ గొంతు లేకుంటె ఎట్ల" అని ఏటా పిలిచేది, అవ్వ పోయేది. మన గల్లీల ఎవ్వల పండుగైనా అందరు కల్సుడే, నీకెర్కే గదా. ఆ పొద్దు ఎత్తుకున్నది సూడు, "తంగేడు పూసింది హల్లెలూయ!" నోటికి గదే అలవాటాయె మరి. ఆడోళ్లు కొత్త మోడలనుకున్నరో ఏమో, అందరు హల్లెలూయ అందుకున్నరు.

గప్పుడే సైకిల్ మీద అయ్యగారు. ఊరంత యేసయ్య దిక్కు మారిందనుకొని సైకిల్ ఆడనే పడేసి, చేతులు పైకెత్తి ఉరికొచ్చిండు. సూస్తె నడుమ బతుకమ్మ, ముంగట మా అవ్వ!

"ఏంటమ్మా ఇది?"

"మీరు నేర్పిందే అయ్యా."

ఆదివారం కమిటీ కూసున్నది. అవ్వను పాటకెల్లి తీసేస్తరని ఇంట్ల ఎవ్వలం బువ్వ తినలే. గాడ ఒక పెద్దమనిషి లేసి, "ఆమెను తీసేసినా నోరైతె ఊకోదు. గల్లీల మన హల్లెలూయ బతుకమ్మ పాలైతనే ఉంటది" అన్నడు. అయ్యగారు తల వట్టుకున్నడు. హల్లెలూయను కాపాడాలంటె ఉయ్యాలోను లోపల్కి రానియ్యాలె, ఇంకో తొవ్వ లేదాయె! "సరేనమ్మా, నీ ఉయ్యాలో నువ్వే పాడుకో" అన్నడు.

క్రిస్మస్‌నాడు అవ్వ ఎత్తుకున్నది, ఆడోళ్లు సుట్టు తిరిగిన్రు, హార్మోనియమే ఎన్క ఉరికింది. ఆఖరుకు అయ్యగారు కండ్లు మూసుకొని ప్రార్థన ముగించిండు: "యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ... ఉయ్యాలో!"

అందరు కండ్లు తెరిచి ఒకల మొకం ఒకలు సూసుకున్నరు. అవ్వొక్కతే గట్టిగ "ఆమెన్" అన్నది.

నవ్వు బిడ్డా, నవ్వు. నీ గొంతు సల్లగుండాలె, నీ పిల్లలు గూడ గట్లనే సుట్టు తిరగాలె...