వేలానికి రాని అరిసెలు

ఖరగ్‌పూర్, 1964. చర్చిలో కోత పండగ జరిగి, భక్తులు తెచ్చిన అర్పణలు వేలం వేసిన మర్నాటి సాయంత్రం. రైల్వే స్వీపర్ల లైన్లలో ముసలి సింహాచలమ్మ గుమ్మం. బయట సంఘపెద్ద కృపారావు, రైల్వే ఆఫీసు హెడ్డు గుమాస్తా. చేతిలో ఆమె అరిసెల డబ్బా.

“...వద్దనలేదమ్మా. ఎవరూ వద్దనలేదు. టైము చాల్లేదు, అంతే.”

“గుమ్మడికాయకి సాలింది గదా బాబూ.”

“గుమ్మడికాయ ముందొచ్చింది.”

“దానికంటే ముందే ఎట్టినాను నా డబ్బా. బల్ల మద్దినే.”

“ఆ గుమ్మడికాయ దగ్గరే ఫోర్‌మన్ విల్‌ఫ్రెడ్ గారూ, మా ఆవిడ ఆలిసూ పంతానికి పోయినారు. అక్కడే పొద్దుపోయింది. ఇప్పుడది మా ఇంట్లో ఉంది. మా ఇంట్లో గుమ్మడికాయ ఎవరూ తినరు.”

“లోపలికి రండి బాబూ. కూకోండి. టీ ఎడతాను.”

“వద్దొద్దు. ఇక్కడ గాలి బాగుంది.”

“అది మురిక్కాలవ గాలి బాబూ.”

“అయినా బాగుంది. ఇదిగో డబ్బా. ఒక్కరు కూడా మూత తియ్యలేదు. ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.”

“మూతన్నా తియ్యనేదా?”

“తీద్దామనే అనుకున్నారు.”

“ఖరిదా బజార్లో మనోల్ల కొట్లో బెల్లం తెచ్చినాను. పిండి నానే దంచినాను. సేతులు రెండుపాల్లు సబ్బెట్టి కడిగినాను బాబూ.”

“ఛఛ! చేతుల మాట ఎవరన్నారు? మనలో అలాంటివి లేవు. అందరం ఒకటే. అందుకే గదా ఆఖరి బెంచీ అంతా నీకొక్కదానికే వదిలేసినాం, ఇరుకు లేకుండా.”

“అవును బాబూ. ఇరుకు నేదు.”

“వచ్చే ఏడు కొబ్బరికాయ తే. అరటిపళ్లు తే. తొక్క ఉన్నదేదైనా పర్వాలేదు.”

“తొక్కెందుకు బాబూ?”

“తొక్కుంటే... నిలవుంటుంది. నిలవ కోసం చెప్తున్నాను.”

“అరిసెలు నెల్లాళ్లుంటాయి.”

“అయితే నువ్వే తిను. ఒంటికి మంచిది.”

“నాకు పళ్లేవి బాబూ? మా ముసిలోడుంటే తినీవోడు. ఆడు పోయినాక ఇదే మొదటిపాలి వండడం. అంత పొడుగు ప్లాట్‌ఫారం, ఈ సివర్నించి ఆ సివరకి ఊడుస్తాను, ఎవుడూ పలకరించడు. పండగనాడు నా డబ్బా ఎత్తి, నా పేరు పైకి సదూతారనుకున్నాను.”

“చదివేవాళ్లమే. టైము...”

“ఒక మాటడగనా? నిన్న పాస్టరు సత్యవేదం అయ్యగారు బైబిల్లో ఆమోసు పెవక్త మాట సెప్పినారు గదా. మీ పండగలు నాకక్కర్నేదు, మీరు తెచ్చినవి నాను సూడను అన్నాడంట దేవుడు.”

“కొత్త పాస్టరు. పండగపూట చెప్పే మాటా అది? కమిటీలో అడుగుతాం.”

“ఎంటనే వేలం. అందరివీ ఎల్లిపోనాయి, నాదొక్కటే మిగిలింది. ఎవర్నన్నాడో నాకు తెలిసిపోనాది బాబూ.”

“ఎవర్ని?”

“నన్నే. ఏ తప్పు సేసినాను, ఎవుర్ని ఏడిపించినాను అని ఒకటే ఆలోసిన. ఓపాలి లోకోషెడ్డు కాడ రాలిన బొగ్గు ఏరుకున్నాను. అదేనా?”

“బొగ్గా? కాదమ్మా. అది నీలాంటివాళ్లని అన్నమాట కాదు. బీదోణ్ణి పక్కకి తోసేసి, గుళ్లో గొంతెత్తి పాటలు పాడే పెద్దోళ్లని అన్నమాట.”

“అలాటోల్లు మన సర్చిలో ఉన్నారా?”

“...ఆ కాలంలో ఉండేవారు. ఇశ్రాయేలులో.”

“మరి నా డబ్బా వద్దన్నదెవరు?”

“ఎవరూ అనలేదు. అంటే... పైకి అనలేదు.”

“సెప్పండి బాబూ. ఇక్కడ మనిద్దరిమే గదా.”

“ఆలిస్ కళ్లతో చెప్పింది. విల్‌ఫ్రెడ్ గారు తలూపినారు. నేను... డబ్బా తీసి బల్ల కింద పెట్టినాను.”

“బల్ల కిందా?”

“జాగర్తగానే పెట్టినాను.”

“అయితే దేవుడు కాదా? మీరేనా! హమ్మయ్య! రాత్రంతా సచ్చిపోయినాను బాబూ, ఆయన కూడా వద్దన్నాడేమో అని.”